ఊర్ణనాభుల అన్వేషి - రెజినాల్డ్ పోకాక్

తెలుగువారికి సాలీడు కొత్త ప్రాణి కాదు. ఇంటి మూలల్లో, పశువుల కొట్టాల్లో, పొలంగట్ల మీది పొదల్లో అది అనాదిగా మనతోపాటే నివసిస్తున్నది. నేతపనివారిని సాలెవారు అని పిలిచిన మన పూర్వులు, తన ఒంటి నుంచే దారం తీసి గూడు అల్లుకొనే ఈ చిన్న జీవిని కూడా సాలెపురుగు అన్నారు. సంస్కృతంలో దీనికి ఊర్ణనాభి అని పేరు. నాభిలో ఉన్ని గలది అని ఆ మాటకు అర్థం. సృష్టిక్రమాన్ని వివరించడానికి ముండకోపనిషత్తు సాలీడునే ఉపమానంగా గ్రహించింది. శ్రీకాళహస్తి క్షేత్రనామంలో మొదటి స్థానం సాలీడుదే. శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. శివునికి దారాలతో గుడి కట్టి, దీపజ్వాలకు అది కాలిపోతుంటే తన ప్రాణాలను సైతం లెక్కచేయని సాలీడు కథను ధూర్జటి మహాకవి తన కావ్యంలో చేర్చాడు.

ఇంతటి గౌరవం ఇచ్చిన మనమే పండుగ రాగానే బూజుకర్ర పట్టుకొని దాని గూళ్లను దులిపివేస్తాం. సాలీడు కనబడితే కొందరు భయపడతారు, కొందరు అసహ్యించుకుంటారు. నిలిచి పరిశీలించేవారు అరుదు. అటువంటి అరుదైన మనుషులలో రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ ఒకరు. ఆయన ఆంగ్లేయుడు. ఉద్యోగం చేసింది లండన్ మహానగరంలో. అయినప్పటికీ మన రాయలసీమలో దొరికిన ఒక నీలిరంగు సాలీడును శాస్త్రలోకానికి మొదట పరిచయం చేసినవారు ఆయనే. భారతదేశపు సాలీళ్లను, తేళ్లను గురించి తరువాతి తరాలకు ఆధారమైన గ్రంథాన్ని రచించినవారూ ఆయనే. నలుగురూ తక్కువగా చూసే ప్రాణుల కోసం యౌవనాన్ని వెచ్చించిన ఆ శాస్త్రవేత్త జీవితం మనం తెలుసుకోదగినది.

పోకాక్ 1863 మార్చి 4వ తేదీన ఇంగ్లాండులోని బ్రిస్టల్ నగరానికి చెందిన క్లిఫ్టన్‌లో జన్మించారు. తండ్రి నికొలస్ పోకాక్ క్రైస్తవ మతాచార్యులు, చరిత్ర పరిశోధకులు. పుస్తకాల నడుమ పెరిగిన ఆ బాలునికి పుస్తకాలకంటె ప్రాణుల మీదనే మక్కువ ఎక్కువగా ఉండేది. ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ ఎడ్వర్డ్స్ పాఠశాలలో చదువుతున్న రోజుల్లోనే ప్రకృతి శాస్త్రం ఆయనను ఆకర్షించింది. అక్కడ ఎడ్వర్డ్ పౌల్టన్ అనే విద్వాంసుని వద్ద జంతుశాస్త్ర పాఠాలు నేర్చుకొనే అవకాశం లభించింది. ప్రాణుల ఒంటి రంగులకూ వాటి బ్రతుకుతెరువుకూ ఉన్న సంబంధాన్ని పరిశోధించిన పండితుడు పౌల్టన్. ఆక్స్‌ఫర్డ్ ప్రదర్శనశాలలో ప్రాణుల దేహనిర్మాణాన్ని పోల్చి పరిశీలించడానికి కూడా ఆ విద్యార్థికి అనుమతి దొరికింది.

తరువాత పోకాక్ బ్రిస్టల్‌లోని యూనివర్సిటీ కళాశాలలో చేరి జీవశాస్త్రాన్ని, భూగర్భశాస్త్రాన్ని అభ్యసించారు. అక్కడ ఆయనకు ఇద్దరు గొప్ప గురువులు లభించారు. కాన్‌వీ లాయిడ్ మోర్గాన్ జంతువుల ప్రవర్తనను శాస్త్రీయంగా అధ్యయనం చేసినవారు. విలియం సోలాస్ శిలలను, శిలాజాలను పరిశోధించినవారు. పౌల్టన్ వద్ద రంగుల రహస్యం, మోర్గాన్ వద్ద ప్రవర్తన, సోలాస్ వద్ద శిలాజాలు. ఈ మూడు విద్యలూ మూడు దారాలై పోకాక్ భావి జీవితంలో పెనవేసుకొన్నాయి.

1885లో పోకాక్ లండన్ నగరంలో సౌత్ కెన్సింగ్టన్‌లోని ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలలో సహాయకుడుగా చేరారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై రెండేళ్లు. ఒక సంవత్సరం కీటకాల విభాగంలో పనిచేసిన పిమ్మట, సాలీళ్లు, తేళ్లు, పిడుదులు మొదలైన ఎనిమిది కాళ్ల జీవుల సేకరణలనూ, జెర్రులు, రోకలిబండలు వంటి అనేక పాదాలు గల జీవుల సేకరణలనూ ఆయనకు అప్పగించారు. సీతాకోకచిలుకలను, పక్షులను కోరుకొనేవారు ఎందరో ఉంటారు. తేళ్లను, జెర్రులను కోరుకొనేవారు ఎందరు ఉంటారు? పోకాక్ మాత్రం తనకు అప్పగించిన పనిని ప్రేమతో స్వీకరించారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. సాలెపురుగు అని మనం పిలుస్తున్నా, శాస్త్రదృష్టిలో అది కీటకం కాదు. కీటకానికి ఆరు కాళ్లు, సాలీడుకు ఎనిమిది. కీటకం శరీరంలో తల, వక్షం, ఉదరం అనే మూడు భాగాలు ఉంటాయి. సాలీడుకు తల, వక్షం కలిసిపోయి ఒకే భాగంగా ఉంటాయి. కీటకాలకు తల మీద ఉండే స్పర్శశృంగాలు సాలీడుకు లేవు. దాని ఉదరం చివర చిన్న బుడిపెల వంటి అవయవాలు ఉంటాయి. లోపలి గ్రంథులలో ద్రవరూపంలో ఉన్న పదార్థం వాటి గుండా బయటికి వస్తూ, లాగిన కొద్దీ గట్టిపడి దారమవుతుంది. ఆ దారంతో సాలీడు వల ఒక్కటే అల్లదు. గుడ్లకు సంచి కుడుతుంది, బొరియకు లోపలి పూత వేస్తుంది, దూకేటప్పుడు ఆధారంగా ఒక పోగును వెంట ఉంచుకొంటుంది. కొన్ని జాతుల పిల్లలు దారపు పోగును గాలిలోకి వదిలి, దానితోపాటు తామూ ఎగిరి దూరప్రాంతాలకు చేరుకొంటాయి. వల అల్లకుండా వేటాడే సాలీళ్లు కూడా అనేకం ఉన్నాయి. వేటను నమిలి మింగే శక్తి సాలీడుకు లేదు. జీర్ణరసాన్ని వేట మీద వదిలి, కరిగిన ఆహారాన్ని పీల్చుకొంటుంది.

ఇటువంటి ప్రాణులు ప్రపంచం నలుమూలల నుంచి మద్యసారం నింపిన సీసాలలో పోకాక్ బల్ల మీదికి చేరేవి. వాటిని పంపినవారిలో అటవీ అధికారులు, వైద్యులు, సైనికులు, యాత్రికులు ఉండేవారు. బొంబాయి రాష్ట్రంలో అటవీ అధికారిగా పనిచేసిన రాబర్ట్ చార్లెస్ రాటన్ తాను సేకరించిన తేళ్లను పోకాక్ పరిశీలనకు అందజేశారు. సీసాలో ఉన్న ప్రాణితోపాటు ఒక చిన్న చీటీ ఉండేది. అది ఎక్కడ దొరికిందో ఆ చీటీ చెప్పాలి. పోకాక్ ఆ ప్రాణి కాళ్ల మీది ముళ్లను లెక్కించేవారు, కన్నుల అమరికను చూసేవారు, కోరల ఆకారాన్ని కొలిచేవారు. అంతకుముందు తెలిసిన జాతులతో పోల్చేవారు. కొత్త జాతి అని తేలితే దానికి పేరు పెట్టి వర్ణన రాసేవారు. అలా వర్ణించడానికి ఆధారమైన ప్రాణి శరీరాన్ని మూల నమూనాగా భద్రపరుస్తారు. వంద సంవత్సరాల తరువాత ఎవరికి సందేహం కలిగినా ఆ నమూనాను చూసి నివృత్తి చేసుకోవచ్చు.

ఈ పనికి కావలసింది మెరుపు వంటి ప్రతిభ మాత్రమే కాదు, తరగని ఓర్పు. ప్రదర్శనశాలలో గడిపిన 18 సంవత్సరాలలో పోకాక్ సుమారు 200 పరిశోధన వ్యాసాలు ప్రకటించారు. రోకలిబండలలోనే 300 నుంచి 400 వరకు జాతులను వర్ణించారు. ఎనిమిది కాళ్ల జీవుల విషయంలో ఆయన మాట ప్రమాణమని పండితులు అంగీకరించారు.

పోకాక్ కేవలం పేర్లు పెట్టేవారు అనుకొంటే పొరపాటు. ప్రాణి చచ్చి సీసాలో ఉన్నా, బ్రతికినప్పుడు అది ఎలా మెలగి ఉంటుందోనని ఆయన ఆలోచించేవారు. కొన్ని పెద్ద సాలీళ్ల నోటి దగ్గర ప్రత్యేకమైన రోమాలు ఉంటాయి. వాటిని ఒకదానితో ఒకటి రాపిడి చేసినప్పుడు బుసకొట్టినట్లు, గరగరమన్నట్లు ధ్వని పుడుతుంది. శత్రువును బెదిరించడానికి సాలీడు ఆ ధ్వని చేస్తుంది. ఈ అవయవాలను పరిశీలించిన పోకాక్ సాలీళ్లలోని సంగీత పేటికలు అనే అర్థం వచ్చే శీర్షికతో 1895లో ఒక వ్యాసం రాశారు. నిశ్శబ్ద జీవి అని లోకం భావించే సాలీడుకు కూడా ఒక గొంతు ఉన్నదని చదువరులకు తెలియజెప్పారు.

1899వ సంవత్సరం తెలుగునాటికి సంబంధించినంతవరకు పోకాక్ జీవితంలో ముఖ్యమైనది. దక్షిణ భారతదేశంలోను, శ్రీలంకలోను చెట్ల తొర్రలలో నివసించే భారీ సాలీళ్లు కొన్ని ఉన్నాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త యూజీన్ సిమోన్ 1885లో వాటి ప్రజాతికి పీసిలోథీరియా అని పేరు పెట్టారు. చిత్రవర్ణాలు గల మృగం అని ఆ గ్రీకు పేరుకు స్థూలమైన అర్థం. పోకాక్ ఆ ప్రజాతి అలవాట్లను, చరిత్రను, అందులోని జాతులను సమగ్రంగా చర్చిస్తూ 1899లో ఒక వ్యాసం ప్రకటించారు. అందులో ఆయన వర్ణించిన కొత్త జాతులలో ఒకటి అనంతపురం జిల్లా గుత్తి పట్టణంలో లభించింది. అక్కడి రైల్వే కలప నిల్వ స్థలంలో అది దొరికింది. దాని ఒంటి మీది లోహపు మెరుపును బట్టి పోకాక్ దానికి పీసిలోథీరియా మెటాలికా అని నామకరణం చేశారు. నేడు ప్రపంచమంతటా దానిని గుత్తి సాలీడు అని పిలుస్తున్నారు.

ఈ సాలీడు చూపరులను ఆశ్చర్యపరిచే అందం గలది. కాళ్లు చాచినప్పుడు 15 సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. ఒళ్లంతా నెమలికంఠం వంటి నీలివర్ణం. దాని మీద తెల్లని చిత్రమైన గీతలు, కాళ్ల మీద పసుపు మచ్చలు. పగలు చెట్టు తొర్రలో దాగి, రాత్రివేళ బయటికి వచ్చి కీటకాలను వేటాడుతుంది. ఆడ సాలీడు పదేళ్లకు పైగా జీవించగలదు. మగదాని ఆయువు అందులో సగం కూడా ఉండదు. మనిషి అలికిడి వినబడితే పారిపోవడానికే అది ప్రయత్నిస్తుంది. తప్పించుకొనే దారి లేనప్పుడు మాత్రమే కాటు వేస్తుంది. ఆ కాటు చాలా బాధ కలిగిస్తుంది.

గుత్తి సాలీడును వర్ణించిన మరుసటి ఏడాదే, 1900లో, పోకాక్ రచించిన గ్రంథం వెలువడింది. బ్రిటిష్ ఇండియా జంతుజాలం అనే గ్రంథమాలలో అది ఒక సంపుటం. ఆ గ్రంథమాలకు సంపాదకులు విలియం థామస్ బ్లాన్‌ఫర్డ్. ఆయన భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో పనిచేసి, మన దేశపు బొగ్గు క్షేత్రాలను పరిశోధించిన విద్వాంసులు. పోకాక్ సంపుటంలో 279 పుటలు ఉన్నాయి. భారతదేశం, శ్రీలంక, బర్మా ప్రాంతాల తేళ్లు, సాలీళ్లు, వాటి బంధువర్గాల వివరాలు అందులో చోటుచేసుకొన్నాయి. ఒక ప్రాణి చేతికి చిక్కితే అది ఏ కుటుంబానిదో, ఏ జాతిదో క్రమంగా తెలుసుకొనే మార్గాన్ని ఆ గ్రంథం చూపింది. భారతీయ సాలీళ్లను అధ్యయనం చేయదలచిన ప్రతివారికీ అది తొలి మెట్టు అయింది.

1904లో పోకాక్ ప్రదర్శనశాలను వదలి లండన్ జంతుప్రదర్శనశాలకు పర్యవేక్షకులుగా వెళ్లారు. సీసాలలోని ప్రాణుల నుంచి సజీవమైన సింహాల, పులుల, కోతుల నడుమకు వచ్చారు. దాదాపు 19 సంవత్సరాలు ఆ బాధ్యతను నిర్వహించారు. కొండల ఆకారంలో నిర్మించిన మాపిన్ టెర్రసెస్ అనే ఆవరణ 1914లో ప్రారంభమైంది ఆయన హయాంలోనే. పరిపాలన భారం మీద పడినా ఆయన పరిశోధన మానలేదు. తన చిన్ననాటి గురువు పౌల్టన్ నేర్పిన రంగుల విద్యను ఇక్కడ పరీక్షకు పెట్టారు. ముదురు రంగులు గల కీటకాలు చేదుగా ఉంటాయా, వాటిని పోలిన కీటకాలను కూడా పక్షులు వదలివేస్తాయా అనే ప్రశ్నలు అప్పట్లో పండితులను వేధిస్తుండేవి. పోకాక్ జంతుప్రదర్శనశాలలోని ప్రాణులకు రకరకాల కీటకాలను ఆహారంగా ఇచ్చి, వేటిని తిన్నవో వేటిని తిరస్కరించాయో నమోదు చేశారు. 1911లో ప్రకటించిన ఆ ఫలితాలకు పౌల్టన్ స్వయంగా వ్యాఖ్య రాశారు.

అదే సంవత్సరం వెలువడిన మరొక గ్రంథం మన సింగరేణి ప్రాంతవాసులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. గోదావరిఖని గనులలో తవ్విన బొగ్గు పక్కనే ఉన్న జ్యోతినగర్ విద్యుత్ కేంద్రంలో మండి ఊళ్లకు వెలుగునిస్తున్నది. ఆ బొగ్గు ఒకనాటి అడవి. కోట్ల సంవత్సరాల క్రితం చిత్తడి నేలలలో పెరిగిన వృక్షాలు కూలి, పూడి, ఒత్తిడికి లోనై బొగ్గుగా మారాయి. మరి ఆ అడవులలో చెట్లు మాత్రమే ఉండేవా? వాటి మీద ప్రాకిన చిన్న జీవులు ఏమయ్యాయి? బ్రిటన్ బొగ్గు పొరల విషయంలో ఈ ప్రశ్నకు పోకాక్ సమాధానం వెదికారు.

ఇంగ్లాండులో కోస్లీ వంటి బొగ్గు ప్రాంతాలలో బొగ్గు పొరల మధ్య ఇనుము కలిసిన గుండ్రని రాతి ముద్దలు దొరుకుతాయి. వాటిని పగులగొడితే కొన్నింటిలో ప్రాచీన జీవుల అచ్చులు కనబడతాయి. సుమారు 31 కోట్ల సంవత్సరాల నాటి ఆ జీవులలో తేళ్లు, సాలీళ్ల దూరపు బంధువులు ఉన్నాయి. కొన్ని చూడటానికి అచ్చం సాలీళ్లలాగే ఉన్నా, వాటికి దారం తీసే అవయవాలు కనిపించవు. పోకాక్ వీటన్నింటినీ పరిశీలించి బ్రిటన్ బొగ్గు యుగపు ఎనిమిది కాళ్ల జీవుల మీద 1911లో ఒక గ్రంథం ప్రకటించారు. సోలాస్ వద్ద నేర్చిన శిలాజ విద్య ఆ విధంగా ఫలించింది. ఆయన చేసిన కొన్ని నిర్ణయాలను తరువాతి పండితులు కొత్త పరికరాల సహాయంతో సవరించారు. శాస్త్రంలో అది సహజం. సవరించడానికైనా ముందు ఒకరు స్పష్టంగా రాసి ఉంచాలి కదా! మన గోదావరి లోయ బొగ్గు బ్రిటన్ బొగ్గుకంటె కొంత తరువాతి యుగానికి చెందినది. దానిని ఇచ్చిన వృక్షాలూ వేరు. అయినా బొగ్గుపెళ్లను చేతిలోకి తీసుకొన్నప్పుడు అది కేవలం ఇంధనం కాదనీ, ఒకప్పటి సజీవ ప్రపంచపు అవశేషమనీ గుర్తించే చూపును పోకాక్ కృషి మనకు ఇస్తుంది.

ఈ సేవలకు గుర్తింపుగా 1911లోనే ఆయన లండన్ రాయల్ సొసైటీ సభ్యులుగా ఎన్నికయ్యారు. పిల్లి కుటుంబపు జంతువుల మీద కూడా ఆయన చెప్పుకోదగిన కృషి చేశారు. సింహం, పులి మొదలైన వాటి గొంతులోని ఎముకల నిర్మాణాన్ని పరిశీలించి, 1917లో ఆ కుటుంబానికి ఒక కొత్త వర్గీకరణను ప్రతిపాదించారు.

1923లో ఉద్యోగ విరమణ చేసినప్పుడు ఆయనకు అరవై ఏళ్లు. విశ్రాంతి కోరుకొనే వయస్సులో ఆయన మళ్లీ తొలినాటి ప్రదర్శనశాలకే తిరిగి వచ్చి, క్షీరదాల విభాగంలో స్వచ్ఛంద పరిశోధకుడుగా పనిచేశారు. మన దేశపు పులులను, చిరుతలను, సింహాలను గురించి అనేక వ్యాసాలు రాశారు. బ్రిటిష్ ఇండియా జంతుజాలం గ్రంథమాలలోనే క్షీరదాల మీద ఆయన రచించిన మొదటి సంపుటం 1939లో, రెండవ సంపుటం 1941లో వెలువడ్డాయి. రెండవ ప్రపంచ యుద్ధం ఐరోపాను కుదిపివేస్తున్న ఆ రోజుల్లో, ఎనభై ఏళ్లకు చేరువైన ఆ వృద్ధుడు భారతీయ అరణ్యాల జంతువుల లక్షణాలను రాస్తూ కూర్చున్నారు. 1947 ఆగస్టు 9వ తేదీన పోకాక్ మరణించారు. మరి ఆరు రోజులకు భారతదేశం స్వతంత్రమైంది.

ఆయన వేసిన బాటలో తరువాత ఎందరో నడిచారు. 1920 నుంచి 1940 వరకు మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాలకు అధిపతిగా పనిచేసిన ఫ్రెడరిక్ హెన్రీ గ్రేవ్లీ భారతీయ సాలీళ్లను విస్తృతంగా పరిశోధించారు. చిలక సరస్సులోని బర్కుడా దీవి సాలీళ్లను, తేళ్లను గురించి ఆయన రాసిన వ్యాసం 1921లో వెలువడింది. స్వాతంత్ర్యానంతరం భారత జంతు సర్వేక్షణ సంస్థకు చెందిన బినయ్ కృష్ణ టికాదర్ ఆ విద్యను మన దేశంలో స్థిరపరిచారు. ఆయన రచించిన భారతీయ సాలీళ్ల కరదీపిక 1987లో ప్రచురితమైంది. ప్రపంచంలో శాస్త్రవేత్తలు గుర్తించిన సాలీళ్ల జాతుల సంఖ్య 2022లో 50,000 దాటింది. ఇంకా పేరు పెట్టవలసినవి అనేకం మిగిలి ఉన్నాయి.

ఇక గుత్తి సాలీడు సంగతి. పోకాక్ దానికి పేరు పెట్టారు గాని, అసలు దాని స్వస్థలం ఏదో చాలాకాలం తెలియలేదు. చీటీ మీద ఉన్నది గుత్తి. కాని గుత్తి పరిసరాలలో అది మళ్లీ కనిపించలేదు. నమూనా మాత్రం లండన్‌లో ఉన్నది. ప్రాణి ఎక్కడున్నదో ఎరిగినవారు లేరు. ఒక శతాబ్దం గడిచిన తరువాత, గుత్తికి ఈశాన్యంగా సుమారు 100 కిలోమీటర్ల దూరాన, నంద్యాల గిద్దలూరుల నడుమ గల అడవిలో పరిశోధకులు దానిని కనుగొన్నారు. అప్పుడు చిక్కుముడి విడింది. ఆ రెండు ఊళ్ల నడుమ నల్లమల అడవుల గుండా రైలుమార్గం సాగుతుంది. అడవిలో నరికిన మొద్దుల తొర్రలలో దాగిన సాలీడు రైలుబండిలో గుత్తికి చేరి ఉంటుందని పండితులు భావిస్తున్నారు.

ఈ కథలో ఆలోచింపజేసే విషయం ఒకటి ఉన్నది. ఏ గొడ్డలి వేటు ఆ సాలీడును శాస్త్రవేత్త బల్ల మీదికి చేర్చిందో, అదే గొడ్డలి వేటు దాని వంశానికి ముప్పు తెచ్చింది. తొర్రలు గల ముసలి చెట్లే దానికి ఇళ్లు. అటువంటి చెట్టు వంటచెరకు కోసమో కలప కోసమో నేలకూలితే సాలీడు గూడు చెదిరినట్లే. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య 2008లో దీనిని అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. 100 చదరపు కిలోమీటర్లకంటె తక్కువ విస్తీర్ణం గల, అదీ బాగా దెబ్బతిన్న అడవిలో మాత్రమే అది నివసిస్తున్నదని ఆ సంస్థ పేర్కొన్నది. దాని అందం కూడా దానికి శత్రువైంది. విదేశాలలో సాలీళ్లను పెంచుకొనే సరదా గలవారికోసం దీనిని అడవి నుంచి పట్టుకుపోయే వ్యాపారం సాగింది. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో 2019లో ఈ ప్రజాతి మొత్తాన్ని చేర్చారు.

ఆ నీలిరంగు నేటికీ శాస్త్రవేత్తలను ఆకర్షిస్తున్నది. దాని ఒంటి నీలం పూసిన రంగు వంటిది కాదు. రోమాలలోని అతి సూక్ష్మమైన నిర్మాణం మీద వెలుగు పడి పరావర్తనం చెందడం వల్ల కలిగే వర్ణమది. ఈ జాతి భారీ సాలీళ్ల వంశంలో నీలిరంగు కనీసం ఎనిమిదిసార్లు వేర్వేరుగా ఆవిర్భవించిందని 2015లో వెలువడిన ఒక పరిశోధన వెల్లడించింది. వెలిసిపోని రంగులను తయారుచేయదలచినవారికి ఈ జ్ఞానం ఉపకరిస్తుందని పరిశోధకుల ఆశ. నల్లమలలోని ఒక ముసలి చెట్టును నరికితే కట్టెలు మాత్రమే మిగులుతాయి. దానిని నిలబెడితే ఇంకా ఎన్ని విద్యలు లభిస్తాయో ఎవరు చెప్పగలరు?

పోకాక్ రాజ్యాలను జయించలేదు, లోకాన్ని మార్చే యంత్రాన్ని కనిపెట్టలేదు. బల్ల ముందు కూర్చుని చిన్న ప్రాణుల కాళ్లు, కన్నులు, కోరలు పరిశీలించి, చూసినది చూసినట్లు రాశారు. ఆ రాత వల్లనే ఒక శతాబ్దం తరువాత నల్లమలలో కనబడిన నీలిసాలీడును గుర్తుపట్టగలిగాం. పేరు లేని ప్రాణి నశిస్తే నశించినదని చెప్పడానికైనా ఎవరూ ఉండరు. పేరు ఉన్నది కనుకనే దానిని కాపాడాలని అడిగేవారు పుట్టారు. ఒక జీవిని శ్రద్ధగా చూసి దానికి పేరు పెట్టడం దాని పట్ల మానవుని బాధ్యతకు ఆరంభం. ఈ సత్యాన్ని పోకాక్ జీవితం మనకు బోధిస్తుంది. మన ఇంటి గోడ మీది సాలీడు మొదలుకొని మన అడవులలోని ప్రాణుల వరకు పరిశీలించవలసినది ఎంతో ఉన్నది. ఆ పరిశీలనకు కావలసిన మొదటి పరికరాలు నిలిచి చూసే కన్ను, విసుగెరుగని ఓర్పు. అవి గల విద్యార్థికి ఏ ప్రాణీ అల్పమైనది కాదు.